ఏ పర్వంలో ఉందో చెప్పు

ముందే చెప్పేస్తా. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగు చదవడం వచ్చు గానీ, పద్యం కనిపిస్తే కళ్ళు వాటంతటవే కింది పేరాకి జారిపోయేవి. కాబట్టి ఈ వ్యాసంలో పండితుడి మాటలు దొరకవు. ఒక సినిమా చూసి, ఒక ఫ్రెండ్‌తో గొడవపడి, ఆ గొడవ గెలుద్దామని పుస్తకం తెరిచి ఓడిపోయినవాడు రాస్తున్నది ఇది.

2024 జూన్ 27, గురువారం. కల్కి 2898 ఏడీ రిలీజ్. మా బ్యాచ్ ఆరుగురం సూళ్ళూరుపేటలో ఆ పెద్ద తెర మీదే చూడాలని ముందే టికెట్లు తీసుకున్నాం. నేను ప్రభాస్ ఫ్యాన్‌ని, అందులో దాచేదేం లేదు. చివర్లో భైరవే కర్ణుడని తెలిసే చోట అరిచిన అరుపుకి మూడు రోజులు గొంతు పోయింది. మైపాడు ఇంటికెళ్తే అమ్మ మిరియాల పాలిచ్చి మరీ తిట్టింది.

గొడవ ఆ రాత్రే మొదలైంది. మా హాస్టల్ రూమ్మేట్ ఒకడున్నాడు. పేరు రాయను, వాడికి ఇష్టం ఉండదు. వాట్సాప్ గ్రూప్‌లో వాడు, సినిమా బానే ఉంది గానీ కర్ణుణ్ణి మరీ ఎక్కువ లేపారు, అర్జునుణ్ణి తగ్గించారు అని పెట్టాడు. నాకు మండింది. వెంటనే ఒక రీల్ పంపా. మీరు కూడా చూసే ఉంటారు: కర్ణుడి బాణం తగిలి అర్జునుడి రథం నాలుగడుగులు వెనక్కి జరుగుతుంది, కృష్ణుడు ఆహా కర్ణా అంటాడు, అర్జునుడు అలిగితే, జెండా మీద హనుమంతుడూ పగ్గాలు పట్టుకుని నేనూ ఉన్న రథాన్ని కదిలించాడయ్యా అని కృష్ణుడు చెప్తాడు. కింద నేను టైప్ చేసిన మాట: ఇదిరా ఒరిజినల్, వెళ్ళి చదువుకో.

వాడి రిప్లై ఒక్క ముక్క. ఏ పర్వంలో ఉందో చెప్పు.

నాకు పర్వాల పేర్లే తెలీవు. తెలీదని ఒప్పుకోకుండా వాడి పాత ఫోటో ఒకటి తీసి మీమ్ చేసి గ్రూప్‌లో వదిలా. అందరూ నవ్వే ఎమోజీలు పెట్టారు. వాడు గ్రూప్‌లోంచి వెళ్ళిపోయాడు. కాలేజీ తెరిచాక వార్డెన్‌ని అడిగి రూమ్ కూడా మార్చుకున్నాడు. ఫస్టియర్‌లో నాకు పాయింటర్లు అర్థమయ్యేదాకా రాత్రిళ్ళు కూర్చోబెట్టి చెప్పినవాడు వాడే.

సినిమా అంటే మూడు గంటలు. దాని కోసం మనిషిని ఎందుకు పోగొట్టుకుంటాం? ఈ ప్రశ్న పట్టుకునే తిరిగాను.

మనం ఒక్కళ్ళమే కాదు

ముందు బయట ఎలా ఉంటుందో చూశా. 1988లో బ్యాట్‌మ్యాన్ పాత్రకి మైకేల్ కీటన్‌ని తీసుకున్నారని తెలియగానే కామిక్స్ అభిమానులు స్టూడియోకి వేలకొద్దీ ఉత్తరాలు రాశారు. కామెడీ వేషాలు వేసేవాడు బ్యాట్‌మ్యాన్ ఏంటని. మరుసటి ఏడాది సినిమా వచ్చాక అదే కీటన్‌ని నెత్తిన పెట్టుకున్నారు. 2019 ఏప్రిల్‌లో సోనిక్ ట్రైలర్ వచ్చినప్పుడు ఆ నీలం ముళ్ళపందికి మనిషి పళ్ళేంటని ఎంత గోల చేశారంటే, సినిమా వాయిదా వేసి బొమ్మంతా మళ్ళీ గీసి 2020 ఫిబ్రవరిలో వదిలారు. గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఆఖరి సీజన్ మళ్ళీ తీయమని పది లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు. అది మాత్రం ఎవరూ మళ్ళీ తీయలేదు.

కానీ వాళ్ళకీ మనకీ ఒక తేడా ఉంది. బ్యాట్‌మ్యాన్‌కి ఒక మొదటి కామిక్ ఉంది, 1939లో అచ్చయింది. ఇదిగో ఒరిజినల్ అని చేత్తో చూపించొచ్చు. మన కర్ణుడికి అలా ఏది చూపిస్తాం? వ్యాసుడి భారతం అంటారు, సరే. అది చదివి థియేటర్‌కి వెళ్ళినవాళ్ళు మన బ్లాక్ మొత్తంలో ఎంతమంది?

నేను ఒరిజినల్ అనుకున్నది నిజానికి 1977 నాటి దానవీరశూరకర్ణ. చిన్నప్పుడు పండగ రోజు టీవీలో వేస్తే మా తాత పక్కన కూర్చుని చూశా. మా తాతకి ఒరిజినల్ అది కూడా కాదు. ఆయనకి తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, అంటే రాయబారం సీన్ ఉండే పద్యనాటకాలు. చదువు పెద్దగా లేదు గానీ విని విని పద్యాలు నోటికొచ్చేశాయి. కృష్ణుడి వేషగాడు రాగం బాగా తీస్తే జనం వన్స్ మోర్ అని అరిచేవాళ్ళట, ఆయన అదే పద్యం మళ్ళీ పాడాల్సిందేనట. నేను సూళ్ళూరుపేటలో గొంతు పోగొట్టుకున్నానని తాత ఏమీ అనకపోవడానికి కారణం అదే అయ్యుంటుంది. ఆయన కూడా ఒకప్పుడు అరిచినవాడే.

మా అమ్మమ్మ వాళ్ళది చిత్తూరు వైపు. అక్కడ ద్రౌపదమ్మ గుడి తిరునాళ్ళలో రోజుల తరబడి భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. చివరి రోజు మట్టితో నేల మీద పడుకున్నట్టు పెద్ద దుర్యోధనుణ్ణి చేస్తారు. భీముడి వేషం కట్టినాయన గదతో ఆ తొడ మీద కొడతాడు. ఆ సాయంత్రం అగ్నిగుండం తొక్కుతారు. అక్కడ చేరిన వాళ్ళకి అది సినిమా చూడటం లాంటిది కాదు, యుద్ధం నిజంగా ఆ రోజే ముగిసినట్టు. అంటే మా ఒక్క ఇంట్లోనే మూడు ఒరిజినల్స్. ఇంకా మా పిన్ని కొడుకు తొమ్మిదేళ్ళవాడు, వాడికి అన్నిటికంటే ముందు పరిచయమైన అశ్వత్థామ అమితాబ్ బచ్చన్. రేపు ఇంకెవరైనా ఆ వేషం వేస్తే వాడే ఒరిజినల్ పాడుచేశారని గోల పెడతాడు, రాసిపెట్టుకోండి.

ఏది మారిస్తే ఒప్పుకుంటాం

2023 జూన్‌లో ఆదిపురుష్‌కి తాతని నెల్లూరు తీసుకెళ్ళా. జూన్ 16న వచ్చింది కదా, ఆ వారమే. ప్రతి థియేటర్లో హనుమంతుడి కోసం ఒక సీటు ఖాళీగా వదులుతామని చెప్పారు, తాత దానికి చాలా సంతోషపడ్డాడు. అసలు ఆ సినిమా మీద గొడవ అప్పటికి ఎనిమిది నెలల పాతది. 2022 అక్టోబర్ 2న అయోధ్యలో టీజర్ వదిలితే, రావణుడి గడ్డం, జుట్టు ఏంటని, గ్రాఫిక్స్ బొమ్మల సినిమాలా ఉన్నాయని దేశమంతా తిట్టింది. సంక్రాంతికి రావాల్సింది వాయిదా వేసి గ్రాఫిక్స్ మళ్ళీ చేశారు. రిలీజయ్యాక ఇంకో గోల: హనుమంతుడు లంకలో వీధి కుర్రాడిలా మాట్లాడాడని. కొద్దిరోజుల్లోనే డైలాగులు మార్చారు. సీతమ్మ పుట్టిల్లు గురించిన ఒక మాటకి ఖాట్మండులో హిందీ సినిమాలే ఆపేశారు.

ఇంటర్వెల్‌లో తాత సమోసా తింటూ అన్న మాట నాకు గుర్తుండిపోయింది.

"కథ అదేరా అబ్బయ్యా, కథలో ఏం తప్పు లేదు. మాట్లాడటం రాలేదు వాళ్ళకి."

అప్పుడు పట్టించుకోలేదు. తర్వాత మాయాబజార్‌ని దీని పక్కన పెట్టి చూస్తే తాత ఎంత పెద్ద మాట అన్నాడో అర్థమైంది.

1957 మాయాబజార్ ఎవరూ వేలెత్తి చూపని సినిమా. కానీ లెక్క ప్రకారం చూస్తే దానంత మూలానికి దూరంగా పోయిన సినిమా ఇంకోటి లేదు. వ్యాసభారతంలో బలరాముడికి శశిరేఖ అనే కూతురే లేదు. అభిమన్యుడి పెళ్ళి ఉత్తరతో. ఘటోత్కచుడు మారువేషంలో పెళ్ళికూతురై కూర్చోవడం లేదు. ఇది భారతం కథ అంటూనే పాండవులు ఐదుగురిలో ఒక్కరిని కూడా తెర మీద చూపించరు! ఇవాళ ఇలాంటి స్క్రిప్ట్‌తో వస్తే టీజర్ రోజే ట్రెండింగ్‌లో ఉతికేస్తారు. అప్పుడు ఎందుకు ఒప్పుకున్నారు? శశిరేఖా పరిణయం కథ అప్పటికే నాటకాల్లో ఊరూరా తిరిగి జనానికి అలవాటైపోయింది, అది ఒక కారణం. రెండోది, కథ ఎంత కల్పించినా కృష్ణుడు కృష్ణుడిలాగే ఉంటాడు. నవ్వుతూ అన్నీ తెలిసినట్టు ఉంటాడు. శకుని శకునిలాగే ఉంటాడు. బలరాముడికి ముందు కోపం, తర్వాత ఆలోచన.

ఆదిపురుష్‌లో ఇది తిరగబడింది. సీత అపహరణ, వాలి, వారధి, యుద్ధం, అన్నీ ఉన్నాయి. మనుషులు మాత్రం వేరే వాళ్ళలా ఉన్నారు.

మన సీఎస్‌ఈ భాషలో చెప్పాలంటే, లోపల ఇంప్లిమెంటేషన్ ఎంతైనా మార్చుకో, ఇంటర్‌ఫేస్ ముట్టుకోవద్దు. హనుమంతుడు అనే ఆబ్జెక్ట్‌ని పిలిస్తే ఏ తీరులో జవాబు వస్తుందని జనం అనుకుంటారో, ఆ తీరులో రావాలి. ఇదేదో నేను కనిపెట్టానని రెండు రోజులు తిరిగా. క్లబ్‌లో ఒక సీనియర్ అక్క విని నవ్వి, దీన్ని ఔచిత్యం అంటారురా, 11వ శతాబ్దంలో కాశ్మీర్‌లో క్షేమేంద్రుడు ఔచిత్యవిచారచర్చ అని దీని మీదే పుస్తకం రాశాడు అంది. గాలి తీసేసింది.

ఈ సూత్రం అన్ని చోట్లా పనిచేయదు కూడా. మాయాబజార్‌కి ముందు ఒక సినిమాలో ఎన్టీఆర్ కాసేపు కృష్ణుడిగా కనిపిస్తే జనానికి నచ్చలేదు. అందుకే మాయాబజార్‌కి ఆయన మొదట ఒప్పుకోలేదని, కె.వి.రెడ్డి పట్టుబట్టి కిరీటం నుంచి నడక దాకా శ్రద్ధ తీసుకుని చేయించారని చెప్తారు. అంటే ఇవాళ మనం కృష్ణుడి అసలు ముఖం అనుకునేది కూడా ఒకసారి ఫ్యాన్స్ తిప్పికొట్టిన ముఖమే. కల్కిలో నాగ్ అశ్విన్ కృష్ణుడి ముఖమే చూపించలేదు, నీడలో ఉంచేశాడు. ఎందుకో ఆయనకే తెలియాలి గానీ, తెలుగు థియేటర్లో ఆ ముఖంతో పోటీ పెట్టుకోకపోవడం తెలివైన పనేనని నా ఉద్దేశం.

ఇంకో చిక్కు దానవీరశూరకర్ణ. అందులో దుర్యోధనుడికి డ్యూయెట్ కూడా ఉంది. చిత్తూరు వైపు గదతో కొట్టించుకునే అదే దుర్యోధనుడు ఇక్కడ అభిమానధనుడు, స్నేహితుడు. ఇంటర్‌ఫేస్ మొత్తం మార్చేశారు కదా, మరి జనం ఎందుకు తిట్టలేదు? నా దగ్గర పూర్తి జవాబు లేదు. నాటకాల్లో అప్పటికే సుయోధనుడు దర్జాగా పద్యాలు పాడేవాడు కాబట్టి దారి కొంత వేసి ఉందేమో. కొండవీటి వేంకటకవి గారి సంభాషణలు ఆ దర్జాని ఎక్కడా కిందకి దించలేదు, అదీ ఉండొచ్చు. పాత్ర మంచివాడయ్యాడు గానీ చిన్నవాడు కాలేదు.

హనుమాన్ సంగతి తేలిక. 2024 జనవరి 12న వచ్చింది. ప్రశాంత్ వర్మ దేవుణ్ణి కదపలేదు, అంజనాద్రి అని లేని ఊరు ఒకటి సృష్టించి అందులో ఒక మామూలు కుర్రాడికి శక్తి ఇచ్చాడు. అదే ఏడాదికి పైగా ముందు గ్రాఫిక్స్ మీద కత్తులు నూరినవాళ్ళే తక్కువ ఖర్చుతో తీసిన దీన్ని మోశారు.

మన నెల్లూరాయన ఏం చేశాడు

ఇప్పుడు అసలు విషయం. సెప్టెంబర్‌లో ఆ సీనియర్ అక్కకే మా గొడవ చెప్పా, వాడు పర్వం అడిగాడని. "నెల్లూరువాడివై ఉండి ఆ మాట నన్నడుగుతావేంట్రా? తిక్కనని అడుగు" అంది.

స్కూల్లో తిక్కన రెండు మార్కుల ప్రశ్న నాకు. కవిత్రయంలో రెండోవాడు, కవిబ్రహ్మ, 13వ శతాబ్దం, మనుమసిద్ధి కొలువు. విక్రమసింహపురి అంటే మన నెల్లూరే అని తెలుసు గానీ అది ఎప్పుడూ తలకెక్కలేదు. లెక్క చూడండి: భారతం 18 పర్వాలు. 11వ శతాబ్దంలో నన్నయ ఆది, సభా పర్వాలు చేసి అరణ్యపర్వం సగంలో ఆగిపోయాడు. ఆ మిగిలిన ముక్క 14వ శతాబ్దంలో ఎర్రన పూర్తి చేశాడు. విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు ఒక్క మనిషి, మన పెన్న ఒడ్డు ఊరి మనిషి, తెలుగులోకి తెచ్చాడు. కల్కి మొదట్లో కనిపించే కురుక్షేత్రం, అశ్వత్థామ అస్త్రం, శాపం, కర్ణుడి యుద్ధం, అన్నీ ఈయన భాగంలోవే.

ఇంకా ఆసక్తి ఏంటంటే, ఆయన కూడా ఉన్నదున్నట్టు దించలేదు. భీష్మపర్వంలో భగవద్గీత వస్తుంది కదా, 700 శ్లోకాలు. తిక్కన దాన్ని కొన్ని పదుల పద్యగద్యాల్లోకి కుదించేశాడు. అదే కీచకుడి కథ దగ్గర సావకాశంగా, ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటున్నట్టు, నాటకంలా నడిపించాడు. అప్పుడు మన గ్రూపులుంటే ఏమయ్యేదో ఊహించండి: గీతని కట్ చేసి కీచకుడికి ఎలివేషన్ ఇచ్చాడని. ఏడు వందల ఏళ్ళ తర్వాత ఆ మార్పులు చేసిన పుస్తకాన్నే మనం మూలం అని పిలుస్తున్నాం.

టీటీడీ వాళ్ళు కవిత్రయ భారతాన్ని ప్రతిపదార్థం, తాత్పర్యంతో వేశారు. లైబ్రరీలో విరాటపర్వం తీసుకుని దసరా సెలవులకి ఇంటికెళ్ళా. రాత్రిళ్ళు తాత రొయ్యల గుంటల దగ్గర కాపలాకి పోతాడు, నేనూ పోయేవాణ్ణి. ఏరియేటర్ల చప్పుడులో, ఫోన్ లైట్ కింద నేను పద్యం కూడబలుక్కుని చదవడం, తాత "యాడ ఆపాల్నో యాడ ఇరగ్గొట్టాల్నో తెలీకుండా చదవతాండావే" అని మధ్యలో పదం ఎక్కడ విడిపోతుందో చెప్పడం. ఆయన ఆ పుస్తకం ఎప్పుడూ చదవలేదు. అయినా చెవికి తెలిసిపోతుంది. వానలు పడకపోతే విరాటపర్వం చదివించేవాళ్ళని ఆయనే చెప్పాడు. "నువ్వు చదివేదానికి ఒక చుక్క కూడా పడదులే" అన్నాడు.

ఆ పుస్తకంలో నాకు దొరికిందేంటో చెప్తా. గోగ్రహణం. పాండవులు అజ్ఞాతవాసంలో ఉంటే కౌరవులు విరాటుడి ఆవుల్ని తోలుకుపోడానికి వస్తారు. బృహన్నలగా ఉన్న అర్జునుడు జమ్మిచెట్టు మీద దాచిన గాండీవం దించుకుని ఒక్కడే వెళ్తాడు. యుద్ధానికి ముందు కర్ణుడు నేను చూసుకుంటా అని గొప్పలు పోతే, కృపుడు గడ్డి పెడతాడు. తర్వాత అశ్వత్థామ కూడా. అవును, మన అశ్వత్థామే. ఆ తర్వాత కర్ణుడు అర్జునుడి ముందు నిలవలేక తప్పుకుంటాడు. చివరికి అర్జునుడు సమ్మోహనాస్త్రం వేస్తే భీష్ముడు తప్ప అందరూ సోలిపోతారు. అప్పుడు వాళ్ళ పైబట్టలు తీసుకెళ్తాడు. ఎందుకంటే విరాటుడి కూతురు ఉత్తర, వచ్చేటప్పుడు నా బొమ్మలకి రంగురంగుల గుడ్డలు పట్రమ్మని అడిగింది. కర్ణుడి పైబట్ట కూడా ఆ పిల్ల బొమ్మలకి పోయింది.

పుస్తకం మూసేశా. ఫ్యాన్‌ని కదా, కాసేపు మాట రాలేదు. అరణ్యపర్వంలో ఘోషయాత్ర ఉందని, అక్కడ గంధర్వుల చేతిలో దుర్యోధనుడు పట్టుబడితే కర్ణుడు యుద్ధం వదిలి పోయాడని కూడా తర్వాత తెలిసింది. రథం వెనక్కి జరిగే కథ మాత్రం నేను చదివినంతలో కనిపించలేదు. అది నోటి కథ. నోటి కథ అంటే తక్కువని కాదు, శశిరేఖదీ అలాంటి కథే. కానీ నేను వాడితో అన్నది, ఇదిరా ఒరిజినల్ అని.

ఇంకోటి నన్ను ఎక్కువ కదిలించింది. బొమ్మల గుడ్డలు అడిగిన ఆ ఉత్తరే, యుద్ధం అయ్యాక కడుపుతో ఉన్నప్పుడు, అశ్వత్థామ అస్త్రం వేసేది. కల్కి మొదలయ్యేది అక్కడే. దానికి ముందు రాత్రి నిద్రపోతున్న ద్రౌపది కొడుకులు ఐదుగుర్ని చంపినవాడు కూడా ఆయనే, అది సౌప్తికపర్వం. థియేటర్లో నేను విజిల్ వేసినప్పుడు ఇదేదీ నాకు తెలీదు. తెలిస్తే వేసేవాణ్ణి కాదా? వేసేవాణ్ణేమో. పాపం చేసినవాడు వేల ఏళ్ళు తిరిగి చివరికి ఇంకో తల్లి కడుపుని కాపాడటం అనే ఊహ బాగుంది. కానీ ఆ ఊహ ఎంత బాగుందో తెలియాలంటే ముందు ఆ రాత్రి ఏం జరిగిందో తెలియాలి.

పెరుమాళ్ళపాడు

అదే సెలవుల్లో ఇద్దరం బైక్ మీద పెరుమాళ్ళపాడు వెళ్ళాం. చేజర్ల మండలం, పెన్న ఒడ్డు. అక్కడి నాగేశ్వరస్వామి గుడి చాలా కాలం ఇసుకలో పూడిపోయి ఉంది. 2020లో లాక్‌డౌన్ టైమ్‌లో ఊరి కుర్రాళ్ళు ఇసుక తవ్వితే బయటపడింది. కల్కి వచ్చాక, అశ్వత్థామ ఉన్న గుడి ఇదేనని వార్తలు, వీడియోలు మొదలయ్యాయి. జనం కట్టలు కట్టలుగా వచ్చారు.

మేం వెళ్ళినరోజు కూడా పదిహేను మంది దాకా ఉన్నారు, ఫోన్లు పైకెత్తి. అశ్వత్థామ కూర్చున్నది ఎక్కడ అని ఒకతను అడుగుతున్నాడు. పక్కన ఒక అవ్వ పూలు పట్టుకుని నిలబడి ఉంది.

"ఆయనెవరో నాకు తెలీదు నాయనా. ఈడ ఉండేది నాగేశ్వరసామి. వచ్చినోళ్ళు ఎవురూ ఆయన్ని అడగరేందో" అంది.

నేను కూడా ఫోటో తీసుకోడానికే వెళ్ళానని ఆమెకి చెప్పలేదు. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళొచ్చా. వచ్చేటప్పుడు మా ఫ్రెండ్ అన్నాడు, సినిమా రాకపోతే మనం ఈ ఊరి పేరైనా వినేవాళ్ళమా అని. అదీ నిజమే. సినిమా లేకపోతే నేను విరాటపర్వం తెరిచేవాణ్ణా? పేలిన గొంతు, పోయిన స్నేహం, పూడిన గుడి, అన్నిటికీ ఒకటే సినిమా దారి చూపించింది. అందుకే సినిమాలు పురాణాల్ని పాడుచేస్తున్నాయి అనే మాట నేను పూర్తిగా ఒప్పుకోను. సినిమా చూసి అక్కడే ఆగిపోయి, ఆగినచోటే నిలబడి పక్కవాణ్ణి తిట్టడం మాత్రం నేను చేసిన పని, దాని గురించే మాట్లాడగలను.

మెసేజ్

ఇంటికొచ్చిన రాత్రి రూమ్మేట్‌కి మెసేజ్ పెట్టా. నాలుగు నెలల తర్వాత మొదటిది. చాలాసార్లు టైప్ చేసి చెరిపి, చివరికి ఇంతే పంపా: విరాటపర్వం చదివా. గోగ్రహణం విషయంలో నువ్వు కరెక్ట్. రథం కథ ఎక్కడా దొరకలేదు. ఫోటో పెట్టినందుకు సారీ రా, అది మాత్రం ఏ పర్వంలోనూ ఒప్పుకునే పని కాదు.

బ్లూ టిక్ పడింది. జవాబు రాలేదు. మరుసటి రోజు మధ్యాహ్నం వచ్చింది.

"ఉద్యోగపర్వం చదివావా? అక్కడ మీవాడు బాగుంటాడు."

చదివా. రాయబారం విఫలమయ్యాక కృష్ణుడు కర్ణుణ్ణి రథం ఎక్కించుకుని పక్కకి తీసుకెళ్ళి, నువ్వు కుంతి కొడుకువి, వచ్చేస్తే రాజ్యం నీదే అని చెప్పే చోటు. కర్ణుడు రాను అంటాడు. పెంచిన తల్లిదండ్రుల్ని, నమ్మిన దుర్యోధనుణ్ణి వదలలేను అంటాడు. అక్కడితో ఆగడు. ఈ సంగతి ధర్మరాజుకి చెప్పొద్దు అని అడుగుతాడు. ఎందుకంటే తెలిస్తే ధర్మరాజు రాజ్యం నాకిచ్చేస్తాడు, నేను తీసుకెళ్ళి దుర్యోధనుడికి ఇచ్చేస్తాను, అందుకని వద్దు అని. ఓడిపోతామని తెలిసి, ఎవరి వైపు న్యాయం ఉందో కూడా తెలిసి, తను ఏం చేస్తాడో తనకే తెలిసి చెప్పిన మాట అది. ఏ బాణమూ, ఏ రథమూ లేదు ఇందులో. నేను రీల్‌లో వెతుక్కున్న కర్ణుడి కంటే ఈయన చాలా పెద్దవాడు. ఇది నాకు చూపించింది అర్జునుడి ఫ్యాన్.

వాడు ఇప్పుడు హాస్టల్లో మూడో ఫ్లోర్, నేను ఒకటో ఫ్లోర్. రూమ్ మళ్ళీ మార్చుకోమని నేను అడగలేదు. ఆదివారం సాయంత్రాలు కిందకి వస్తాడు, కర్ణపర్వం కలిసి చదువుతున్నాం, వారానికి పది పన్నెండు పద్యాలు, తాత్పర్యం ముందు చూడకూడదని రూల్. పోయిన వారం శల్యుడి దగ్గర ఆగాం. కర్ణుడి రథం తోలుతూ కర్ణుణ్ణే తిట్టడం మోసం అని నేను, ముందే షరతు పెట్టుకుని ఎక్కాడు కదా అని వాడు. మెస్ మూసేసే టైమ్ అయింది, ఇంకా తేలలేదు.